విక్టోరియన్ కాలం ఆర్కిటెక్ట్ జీవితం, కెరీర్ ఎలా ఉండేది? ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్ గురించి నాకు తెలిసింది

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లాండ్‌లో ఆర్కిటెక్ట్‌గా బతకడం అంటే ఎలా ఉండేది, వాళ్ళకి చదువు ఎక్కడ, పనులు ఎలా దొరికేవి, ఎవరో ఒకరి కథ తీసుకుని చెప్పండి అని అడిగారు కదా. నేను ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్ గురించి చెప్తానండి. నేను విజయవాడలో ఆర్కిటెక్చర్ చదివి, తర్వాత మాంచెస్టర్‌లో పాత బిల్డింగుల కన్జర్వేషన్ కోర్సు చేసి, అక్కడే ఒక చిన్న ఆఫీసులో కొన్నేళ్ళు టెర్రకోటా, అంటే కాల్చిన మట్టి బ్లాకుల రిపేర్ సర్వేలు చేశాను, అంటే పరంజా ఎక్కి ఒక్కో బ్లాకూ తట్టి చూసి ఏది బాగుంది ఏది పోయింది అని డ్రాయింగు మీద మార్క్ చేసే పని. ఆ ఊళ్ళో ఎటు తిరిగినా ఈయన బిల్డింగే తగులుతుంది కాబట్టి ఈయన మీద అభిమానం మొదలైంది, ఇప్పటికీ పోలేదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. వాటర్‌హౌస్ బిల్డింగు చూసినవాళ్ళు ఎక్కువగా ఆ శిఖరాలు, కమానులు, బొమ్మలు చూసి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. నా ఉద్దేశంలో అసలు మనిషి కనపడేది ప్లాన్‌లో. జనం ఎటు నుంచి వస్తారు, వెలుతురు ఎక్కడ పడుతుంది, గాలి ఎలా తిరుగుతుంది, ఖర్చు ఎక్కడ తగ్గుతుంది, ఇవన్నీ ముందు తేల్చుకుని ఆ తర్వాతే అలంకారం జోలికి వెళ్ళిన మనిషి ఆయన. ఆయన కెరీర్ నిలబడింది కూడా దాని మీదే, కింద చెప్పే టౌన్ హాల్ పోటీ సంగతి చూస్తే మీకే అర్థమవుతుంది.

పుట్టింది 1830లో, లివర్‌పూల్ పక్కన ఐగ్‌బర్త్‌లో. నాన్న పత్తి బ్రోకరు, కుటుంబం క్వేకర్లు. క్వేకర్లంటే చర్చి ఆఫ్ ఇంగ్లాండ్‌కి బయట ఉండే ఒక క్రైస్తవ శాఖ, ఆడంబరం అంటే గిట్టదు, ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తలుపులు కూడా వాళ్ళకి సరిగ్గా తెరిచి ఉండేవి కావు, అందుకే వ్యాపారం, బ్యాంకింగ్ వైపు ఎక్కువగా వెళ్ళి బాగా సంపాదించారు, ఒకళ్ళకొకళ్ళు గట్టిగా నిలబడేవాళ్ళు. ఈయనకి చిన్నప్పుడు చిత్రకారుడు అవ్వాలని ఉండేదట, ఇంట్లో ఒప్పుకోలేదు, ఆర్కిటెక్ట్ అయితే సరే అన్నారు. బొమ్మలేసే చెయ్యి మాత్రం వృథా పోలేదు, ఆయన వాటర్‌కలర్ పెర్‌స్పెక్టివ్‌లు చూస్తే బిల్డింగ్ కట్టకముందే కళ్ళముందు నిలబడినట్టు ఉంటుంది, క్లయింట్లు సగం అక్కడే పడిపోయి ఉంటారు. తమ్ముళ్ళ గురించి కూడా చెప్పాలి, ఒక తమ్ముడు థియోడోర్ లాయరు, ఇంకో తమ్ముడు ఎడ్విన్ అకౌంటెంటు. ప్రైస్ వాటర్‌హౌస్ అనే ఆడిట్ కంపెనీ పేరు హైదరాబాద్‌లో కామర్స్ చదివిన ప్రతివాళ్ళూ వినే ఉంటారు, అందులో వాటర్‌హౌస్ ఈ ఎడ్వినే.

చదువు సంగతి. అప్పట్లో ఇప్పటిలాగా ఐదేళ్ళ డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఏమీ లేవు. ఒక పెద్ద ఆర్కిటెక్ట్ ఆఫీసులో డబ్బు కట్టి శిష్యుడిగా చేరాలి, కొన్నేళ్ళు అక్కడే కూర్చుని డ్రాయింగులు కాపీ చేస్తూ, సైటుకి వెళ్తూ నేర్చుకోవాలి. అంటే జీతం ఇవ్వరు, మనమే ఎదురు కట్టాలి, కాబట్టి పేదింటి పిల్లలకి ఈ వృత్తి దాదాపు అందనట్టే. ఆర్కిటెక్ట్ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు, ఇంగ్లాండ్‌లో రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది 1931లో, మన దేశంలో 1972లో. వాటర్‌హౌస్ 1848లో మాంచెస్టర్‌లో రిచర్డ్ లేన్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర చేరాడు, లేన్ గ్రీకు స్టైల్ మనిషి, శిష్యుడేమో తర్వాత మొనదేలిన కమానుల గోథిక్ స్టైల్ వైపు పోయాడు. శిక్షణ అయ్యాక 1853లో స్నేహితుడు థామస్ హాడ్జ్‌కిన్‌తో కలిసి యూరప్ తిరిగాడు, ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీ, వెళ్ళిన చోటల్లా స్కెచ్‌లే. ఆ కాలంలో కాస్త స్తోమత ఉన్న ప్రతి ఆర్కిటెక్టూ చేసే పనే అది. తిరిగొచ్చి మాంచెస్టర్‌లో సొంత ఆఫీసు పెట్టుకున్నాడు, 1860లో ఆ స్నేహితుడి చెల్లెలు ఎలిజబెత్‌నే పెళ్ళి చేసుకున్నాడు.

మొదట్లో పనులన్నీ తెలిసినవాళ్ళ ద్వారానే, క్వేకర్ బంధువుల ఇళ్ళు, డార్లింగ్టన్‌లో బ్యాంకు, మార్కెట్ హాలు, అలాంటివి. ఇక్కడ మీ ప్రశ్నకి ఒక సూటి సమాధానం ఉంది: పనులు రెండు రకాలుగా దొరికేవి, ఒకటి బంధుత్వం, మతం, పరిచయం, రెండోది పోటీ. పెద్ద పబ్లిక్ బిల్డింగు ఏదైనా డిజైన్ పోటీ పెట్టేవాళ్ళు, నెలల తరబడి సొంత ఖర్చుతో డ్రాయింగులు వేసి పంపాలి, గెలిస్తే పేరు, ఓడితే ఆ శ్రమంతా గాల్లో కలిసినట్టే. ఫీజు మామూలుగా కట్టుబడి ఖర్చులో 5 శాతం.

వాటర్‌హౌస్ దశ తిరిగింది 1859లో, మాంచెస్టర్ అసైజ్ కోర్టుల (జడ్జీలు అప్పుడప్పుడూ వచ్చి పెద్ద కేసులు విచారించే కోర్టులు) పోటీ గెలిచినప్పుడు. అప్పటికి 29 ఏళ్ళు కూడా సరిగ్గా నిండలేదో నిండాయో అన్న వయసు. 1864కి ఆ బిల్డింగు పూర్తయింది, జాన్ రస్కిన్ అంతటి విమర్శకుడు మెచ్చుకున్నాడు. దాని వెనకే జైలు కట్టే పని కూడా ఈయనకే వచ్చింది, అదే స్ట్రేంజ్‌వేస్ జైలు, 1868లో తెరిచారు. ఆ జైలుకి మధ్యలో మినార్‌లాగా 234 అడుగుల టవర్ ఒకటి ఉంటుంది, ఊళ్ళో సగంమంది అది ఖైదీల మీద నిఘాకి కట్టిన టవర్ అనుకుంటారు, నిజానికి అది గాలి లాగడానికి, హీటింగ్‌కి కట్టింది. మధ్య హాలు చుట్టూ చక్రం ఆకుల్లా బ్లాకులు, వాటిలోని వందల గదుల్లో చెడుగాలి బయటకి పోవాలి, చలికాలంలో వేడి అందాలి, దానికోసం ఒక పొడుగాటి గొట్టం కావాలి, ఎలాగూ కావాలి కాబట్టి దాన్ని ఊరంతటికీ కనపడే గుర్తుగా మలిచాడు. ఇది ఆయన పద్ధతి. అసైజ్ కోర్టులు మాత్రం ఇప్పుడు లేవు, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి దెబ్బతింటే 1957లో పడగొట్టేశారు, నాకు ఫోటోల్లో చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది.

ఇక మాంచెస్టర్ టౌన్ హాల్. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. 1867లో పోటీ పెడితే 137 ఎంట్రీలు వచ్చాయి. స్థలం చూస్తే త్రిభుజం, ఒక పక్క ఆల్బర్ట్ స్క్వేర్, మిగతా రెండు పక్కలా ఇరుకు వీధులు, చుట్టూ ఫ్యాక్టరీల పొగ. అందం లెక్కన జడ్జీలు వాటర్‌హౌస్ డిజైన్‌ని నాలుగో స్థానంలో పెట్టారు. అయినా ఆయనే గెలిచాడు. ఎందుకంటే వెలుతురు, గాలి, లోపల తిరగడానికి సౌకర్యం, ఖర్చు, ఇవన్నీ చూస్తే మిగతావాళ్ళు దగ్గరకి కూడా రాలేదు. త్రిభుజం మూడు పక్కలా ఆఫీసులు, వాటి వెనక చుట్టూ తిరిగే కారిడార్లు, మధ్యలో గ్రేట్ హాల్, ఆ హాలుకీ ఆఫీసులకీ మధ్య ఖాళీ ఆవరణలు, అంటే ప్రతి గదికీ వీధి వైపు నుంచో ఆవరణ వైపు నుంచో కిటికీ దొరుకుతుంది. మన ఊళ్ళలో మండువా లోగిలి కట్టినవాళ్ళకి తెలిసిన సూత్రమే, కాకపోతే ఇక్కడ ఒక మహానగరం పరిపాలన మొత్తం అందులో పట్టించాడు. మెలికల మెట్లు ఉంటాయి చూడండి, వాటి మధ్య స్తంభం లోపల డొల్ల, వేడి గాలి పైకి వెళ్ళే దారి అది. నేను చదువుకునే రోజుల్లో ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆ గాలి వచ్చే చిన్న చిన్న జాలీలు ఎక్కడెక్కడ ఉన్నాయో స్కెచ్ వేసుకునేదాన్ని, అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ నన్ను రోజూ చూసి చూసి చివరికి జనం ఎక్కని ఒక మెట్ల దారి కూడా చూపించింది.

కట్టడం 1868లో మొదలై 1877 సెప్టెంబర్ 13న ప్రారంభమైంది. రాణి రాలేదు, మేయర్ ఏబెల్ హేవుడ్ తెరిచాడు, 280 అడుగుల టవర్‌లో ఉన్న పెద్ద గంటకి ఆయన పేరే, గ్రేట్ ఏబెల్. బయట కనిపించేది బ్రాడ్‌ఫర్డ్ వైపు నుంచి తెచ్చిన స్పింక్‌వెల్ రాయి, మసికి తట్టుకుంటుందని ఎంచుకున్నారు. లోపల గ్రేట్ హాల్ గోడల మీద ఫోర్డ్ మాడాక్స్ బ్రౌన్ వేసిన 12 చిత్రాలు, బయట ల్యాండింగ్ నేల మీద మొజాయిక్‌లో తేనెటీగలు, కష్టపడే నగరం అని గుర్తు, ఇంకా పత్తి పువ్వులు. ఇంకో చిన్న సంగతి, ఆ పోటీలో ఈయన మీద ఓడిపోయిన వాళ్ళలో థామస్ వర్తింగ్టన్ ఒకరు, ఆయన చేసిన ఆల్బర్ట్ మెమోరియల్ టౌన్ హాల్ ఎదురుగా అదే చౌరస్తాలో ఉంటుంది.

ఆ పత్తి పువ్వుల దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మాది గుంటూరు వైపు, పత్తి పొలాల మధ్య పెరిగాను. ఈ బిల్డింగులకి పెట్టిన డబ్బు ఎక్కడిదో మర్చిపోకూడదు. మాంచెస్టర్ చుట్టుపక్కల లాంకషైర్ మిల్లు గుడ్డ వచ్చి పడ్డాక మన కోస్తా నేతగాళ్ళ మగ్గాలు ఎలా మూలపడ్డాయో మన ఇళ్ళల్లో కథలు కథలుగా చెప్పుకుంటారు. 1861 నుంచి 65 దాకా అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఆగిపోతే మిల్లులు మన దేశం పత్తి మీద పడ్డాయి, సరిగ్గా అదే సమయంలో మాంచెస్టర్‌లో పని లేక కార్మికులు ఆకలితో ఉన్నారు. వాటర్‌హౌస్ నాన్న పత్తి బ్రోకరు అని మొదట్లో చెప్పాను కదా. ఆయన పనితనం మీద ఇష్టం, ఈ చరిత్ర మీద కోపం, రెండూ నాలో పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని కోసం రెండోది వదులుకోవాల్సిన అవసరం నాకు కనపడలేదు.

1865లోనే ఆఫీసు లండన్‌కి మార్చాడు. అక్కడ ముందు ఒక ఓటమి కూడా ఉంది, రాయల్ కోర్ట్స్ ఆఫ్ జస్టిస్ పోటీ. లాయర్లు ఈయన ప్లాన్‌నే మెచ్చుకున్నారు, కానీ చివరికి పని జి.ఇ. స్ట్రీట్‌కి వెళ్ళింది. దానికి బదులన్నట్టు ఇంకోటి దక్కింది, నేచురల్ హిస్టరీ మ్యూజియం. అసలు ఆ పోటీ 1864లో గెలిచింది కెప్టెన్ ఫ్రాన్సిస్ ఫౌక్, ఆయన 1865 డిసెంబర్‌లో హఠాత్తుగా చనిపోతే 1866లో పని ఈయన చేతికి వచ్చింది. ఫౌక్‌ది రినైసాన్స్ స్టైల్, ఈయన మొత్తం మార్చి జర్మనీలో చూసిన గుండ్రటి కమానుల రోమనెస్క్ స్టైల్ చేశాడు. మధ్యలో ప్రభుత్వం మారడం, డబ్బు కోయడం, స్థలం థేమ్స్ ఒడ్డుకి మారుద్దామని ఒక మాట, మళ్ళీ వద్దని ఇంకో మాట, ఇలా నలిగి నలిగి 1873లో గానీ పని మొదలవ్వలేదు, 1881 ఏప్రిల్‌లో తెరిచారు. పదిహేనేళ్ళు ఒకే బిల్డింగు మీద. గవర్నమెంటు పనులు చేసినవాళ్ళెవరికైనా ఇది చదివితే అయ్యో అనిపిస్తుంది.

ఇక్కడే టెర్రకోటా సంగతి చెప్పాలి, ఇది నా సొంత పని కాబట్టి కాస్త ఓపిక పట్టండి. లండన్ గాలిలో బొగ్గు మసి, ఆ మసిలోని ఆమ్లం సున్నపురాయిని తినేస్తుంది. కాల్చిన మట్టి అయితే తట్టుకుంటుంది, కడిగితే శుభ్రమవుతుంది, పైగా ఒకసారి అచ్చు చేస్తే అదే బొమ్మని ఎన్నిసార్లైనా తియ్యొచ్చు, శిల్పితో రాయి చెక్కించడం కంటే చవక. వాటర్‌హౌస్ మ్యూజియం లోపలా బయటా మొత్తం టెర్రకోటాతో తొడిగేశాడు, లోపల ఉన్నది ఇనుప ఫ్రేమ్. బ్లాకులు చేసింది టామ్‌వర్త్‌లోని గిబ్స్ అండ్ కానింగ్. జంతువుల బొమ్మలన్నిటికీ పెన్సిల్ స్కెచ్‌లు వాటర్‌హౌస్ స్వయంగా వేశాడు, వాటిని చూసి దుజార్దిన్ అనే ఫ్రెంచి శిల్పి మట్టిలో మోడల్ చేశాడు, దాన్నుంచి ప్లాస్టర్ అచ్చు, ఆ అచ్చులో మట్టి అదిమి, వెనక డొల్లగా పెట్టెలా చేసి, నెమ్మదిగా ఆరబెట్టి, బట్టీలో కాలుస్తారు. ఆరి కాలేసరికి మట్టి దాదాపు పన్నెండో వంతు కుంచించుకుపోతుంది, అందుకని డ్రాయింగులే అంత పెద్దవిగా వెయ్యాలి. ఒక్క బ్లాకు వంకరపోతే అది మళ్ళీ చేసి వచ్చేదాకా ఆ పై వరస ఆగిపోతుంది, మ్యూజియం దగ్గర అలా సప్లై ఆలస్యమై పని చాలా వెనకబడింది.

నేను సర్వేల్లో చూసిందేంటంటే, బ్లాకు కాలినప్పుడు పైన గట్టి పొర ఒకటి ఏర్పడుతుంది, అది ఉన్నంతకాలం నూట ముప్పై ఏళ్ళైనా బ్లాకుకి ఏమీ కాదు. ఎవరో మధ్యలో శుభ్రం చేస్తామని ఇసుకతో కొట్టి ఆ పొర ఊడగొడితే నీళ్ళు లోపలికి దిగి, వెనకున్న ఇనుప కొక్కేలు తుప్పు పట్టి ఉబ్బి, బ్లాకుని లోపల్నుంచే పగలగొడతాయి. చెక్క సుత్తితో తడితే మంచి బ్లాకు ఖంగుమంటుంది, పోయింది మొద్దుగా మోగుతుంది. సందుల్లో సున్నం తీసేసి సిమెంటు పెట్టినా ఇదే గొడవ, మన దగ్గర డంగు సున్నంతో కట్టిన పాత ఇళ్ళకి సిమెంటు పూసి గోడలు పాడుచేస్తున్నారు చూడండి, అచ్చం అదే. దయచేసి మీ తాతల ఇల్లు అలాంటిదైతే సిమెంటు పూయించకండి.

మా నాన్నగారు ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, ఇంగ్లాండ్ వచ్చినప్పుడు ఈ మ్యూజియంకి తీసుకెళ్ళాను. అందరూ హాల్లో వేలాడే తిమింగలం అస్థిపంజరం చూస్తుంటే ఆయన కమానుల మీద పాకే కోతులు చూస్తూ ఉండిపోయారు, తర్వాత మెల్లగా "వీడు అంచనాలు వేసేటప్పుడే ఈ కోతిని లెక్కేసుకుని ఉంటాడమ్మా" అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఆ బొమ్మల్లో కూడా ఒక క్రమం ఉంది, మ్యూజియం అధిపతి రిచర్డ్ ఓవెన్ కోరిక ప్రకారం తూర్పు వైపు అంతరించిపోయిన జీవులు, పడమర వైపు ఇప్పుడు బతికున్నవి. పైకప్పు మీద 162 పలకల్లో మొక్కల బొమ్మలు, తల ఎత్తి చూడటం మర్చిపోకండి.

ఆ తర్వాత ఇక పనే పని. మొత్తం కెరీర్‌లో దాదాపు 650 బిల్డింగులు అంటారు. కాలేజీలు, ఆసుపత్రులు, హోటళ్ళు, క్లబ్బులు, ప్రుడెన్షియల్ ఇన్సూరెన్స్ కంపెనీకి లండన్ హెడ్డాఫీసు, వేరే ఊళ్ళలో ఇరవైకి పైగా బ్రాంచీలు, అన్నీ ఎర్రటి ఇటుక, ఎర్రటి టెర్రకోటా. ఒక కంపెనీకి దేశమంతా ఒకే రంగు, ఒకే రూపం ఉండేలా చేయడం ఇప్పుడు మామూలు విషయం, అప్పుడు కొత్త. ఆ రక్తం రంగు చూసి కొంతమంది ఈయనకి స్లాటర్‌హౌస్ (కబేళా) వాటర్‌హౌస్ అని పేరు పెట్టారు, అది అన్యాయం అని నా అభిప్రాయం. లివర్‌పూల్‌లో 1892లో పూర్తయిన విక్టోరియా బిల్డింగ్ చూశాకే ఒక ప్రొఫెసర్ రెడ్‌బ్రిక్ యూనివర్సిటీ అనే మాట పుట్టించాడు, ఇప్పుడు మన పిల్లలు అప్లై చేసేటప్పుడు వినే ఆ మాట అదే.

గౌరవాలు కూడా బాగానే దక్కాయి, 1878లో రాయల్ గోల్డ్ మెడల్, 1888 నుంచి 1891 దాకా ఆర్‌ఐబీఏ, అంటే బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థకి ప్రెసిడెంటు. బెర్క్‌షైర్‌లో యాటెండన్ అనే పల్లెలో ఎస్టేట్ కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాడు, 1877లో క్వేకర్ల నుంచి చర్చి ఆఫ్ ఇంగ్లాండ్‌కి మారాడు. ఎలిజబెత్ గారు ఆ పల్లెవాళ్ళకి సాయంత్రం పూట రాగి రేకుల మీద నగిషీ పని నేర్పించే క్లాసు పెట్టింది, ఆవిడ గురించి ఎవరూ రాయరు. కూతురు కవి రాబర్ట్ బ్రిడ్జెస్‌ని పెళ్ళి చేసుకుంది. కొడుకు పాల్ 1891లో ఆఫీసులో పార్ట్‌నర్ అయ్యాడు, కొడుకూ మనవడూ కూడా తర్వాత ఆర్‌ఐబీఏ ప్రెసిడెంట్లు అయ్యారు. 1901 ప్రాంతంలో ఆరోగ్యం దెబ్బతిని పని మానేసి, 1905 ఆగస్టులో యాటెండన్‌లోనే పోయాడు.

పోయాక ఆయన కీర్తి చాలా త్వరగా పడిపోయింది. ఒక తరం మొత్తానికి విక్టోరియన్ గోథిక్ అంటేనే పడేది కాదు. డ్యూక్ ఆఫ్ వెస్ట్‌మినిస్టర్ కోసం పన్నెండేళ్ళు కట్టిన ఈటన్ హాల్ అనే పెద్ద బంగళాని 1960ల మొదట్లో కూల్చేశారు, చాపెల్, గడియార స్తంభం లాంటివే మిగిలాయి. 1945 నగర ప్లాన్‌లో మాంచెస్టర్ టౌన్ హాల్‌ని కూడా తీసేసి కొత్తది కట్టాలని ప్రతిపాదించారు, డబ్బుల్లేక బతికిపోయిందని మా సీనియర్లు చెప్పేవాళ్ళు. చాలా బిల్డింగులు మిగలడానికి అసలు కారణం నా లెక్కలో ఒకటే, అవి ఇంకా పనికొస్తున్నాయి. ప్లాన్ మంచిది కాబట్టి ఇన్సూరెన్స్ ఆఫీసు హోటల్ అవ్వగలిగింది, ఆసుపత్రి యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ అవ్వగలిగింది, గోడలు పెద్దగా కదపకుండానే.

మీరు యూకే వస్తే చూడాలంటే లండన్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం, లివర్‌పూల్‌లో ఆ విక్టోరియా బిల్డింగులోనే ఉన్న విక్టోరియా గ్యాలరీ రెండూ ఫ్రీ. మాంచెస్టర్‌లో ఆక్స్‌ఫర్డ్ రోడ్ స్టేషన్ దిగగానే ఎదురుగా ఎర్రగా కనపడే, రెఫ్యూజ్ ఇన్సూరెన్స్ కంపెనీకి ఆయన కట్టిన పాత ఆఫీసు ఇప్పుడు హోటల్, లోపలికెళ్ళి కాఫీ తాగుతూ రంగు టైల్స్ చూడొచ్చు, అక్కడి నుంచి అదే రోడ్డులో నడిస్తే యూనివర్సిటీలో ఆయన కట్టిన పాత ఆవరణ వస్తుంది. టౌన్ హాల్‌ని మాత్రం రిపేర్ల కోసం 2018 జనవరిలో మూశారు, కాబట్టి లోపలికి వెళ్ళాలంటే ముందు సిటీ కౌన్సిల్ వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి.